అరచేతికి అంటిన మసి

మా ముందు గదిలో గోడ మీద ఒక కాగితం ఫ్రేము కట్టి ఉంటుంది. గ్రేటర్ నోయిడాలోని మా ఫ్లాటుకు ఆదివారాలు ఇడ్లీల కోసం వచ్చే ఇంజనీరింగు పిల్లలు దాన్ని చూసి ఏదో ప్రశంసాపత్రం అనుకుంటారు. పైన ముద్ర ఉంది, కింద పెద్దాఫీసరు సంతకం ఉంది, ఇంకేం కావాలి! దగ్గరికెళ్లి చదివినవాళ్లు మాత్రం ఒకసారి నా వైపు, ఒకసారి మా ఆవిడ వైపు చూసి మర్యాదగా వచ్చి కూర్చుంటారు. అది నాకు శిక్ష వేస్తూ ఇచ్చిన ఉత్తర్వు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయికి రైళ్ల పిచ్చి. స్టేషను చివర గంటల తరబడి నిలబడి వచ్చేపోయే బళ్లను ఫోనులో వీడియో తీస్తుంది. ఏ ఇంజను ఏ షెడ్డుదో కూత విని చెప్పేస్తుంది. మొన్న నన్ను అడిగింది.

"అంకుల్, మీరు రైల్వేలో ఏం చేసేవారు?"

"బళ్ల నంబర్లు రాసేవాణ్ణి."

"అచ్ఛా! బస్, ఇత్నా హీ?" అంది. అంతేనా, అని. ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడి ఇంకో ఇడ్లీ పెట్టించుకుంది కూడా.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ "అంతేనా" అన్న మాట మాత్రం మూడు రోజులు చెవిలో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు చెప్పను. ఇందులో ఉన్నవాళ్లు కొందరు పోయారు, కొందరికి పేరు పడటం ఇష్టముండదు, స్టేషను పేరు చెబితే దానికేదో మచ్చ తెచ్చినట్టవుతుంది. తప్పు స్టేషనుది కాదు, నాది.

డెబ్భైల మొదట్లో నేను గుడివాడ నుంచి ఢిల్లీ వచ్చాను. సరోజినీ నగర్‌లో మా చిన్నాన్నగారి ప్రభుత్వ క్వార్టరులో వరండా నా పడకగది. వచ్చిన ఏడాదికి రైల్వేలో ఉద్యోగమొచ్చింది. కాగితం మీద ఏ గుమాస్తా అని రాసినా, అందరూ పిలిచే పేరు నంబర్ టేకర్. స్టేషనులో కూర్చిన ప్రతి బండి పక్కనా ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా నడవాలి. ప్రతి పెట్టె మీదా వేసిన నంబరును వరసలో రాయాలి. సంతకం చేసి ఒక కాపీ గార్డుకు, ఒక కాపీ స్టేషను సూపరింటెండెంటుకు ఇవ్వాలి. ఏ పెట్టె ఏ బండిలో ఎక్కడికెళ్లిందో రైల్వేకు తెలిసేది ఆ కాగితం వల్లనే. ఇంకోలా చెప్పాలంటే, ఈ అమ్మాయి సరదాకు చేసే పనికి నాకు జీతమిచ్చేవారు.

నాకు పని నేర్పినవాడు రోహ్‌తక్ వైపు మనిషి. ఆరడుగుల పైన పొడుగు, తెల్లమీసాలు. అందరూ ఉస్తాద్‌జీ అనేవారు. మొదటి రోజు నా చేతిలో పెన్సిలు పెట్టి ఆయన చెప్పింది ఒకటే మాట.

"డబ్బే కో హాథ్ లగా, ఫిర్ లిఖ్." పెట్టెను చేత్తో తాకు, తర్వాత రాయి.

ఎందుకు తాకాలో నాకర్థం కాలేదు. నంబరు చదవడానికి కళ్లు చాలవా? ఆయన వివరించలేదు. పని ముగించి వచ్చాక మాత్రం "చెయ్యి చూపించు" అనేవాడు. పదిహేడు పెట్టెలు తాకినవాడి అరచేతికి ఇనుప దుమ్ము, బొగ్గు మసి, నూనె జిడ్డు కలిసి నల్లగా పట్టేవి. చెయ్యి నల్లగా లేకపోతే ఆ లిస్టు చింపి పారేసి మళ్లీ పంపేవాడు. మే నెల ఎండలో కాలిన ఇనుమును తాకి అరచేతులు బొబ్బలెక్కినా, డిసెంబరు పొగమంచులో వేళ్లు కొంకర్లు పోయినా సరే. ఒకసారి నేను తెలివిగా టీ కొట్టు పొయ్యి మసి రాసుకుని వచ్చాను. ఆయన నా చెయ్యి వాసన చూసి, "ఇందులో నూనె వాసనేది?" అని పంపేశాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి.

ఆ రోజుల్లో మా స్టేషను చూడాల్సిందే. ఒక ప్లాట్‌ఫారం మీద పొగబండి బుసలు కొడుతుంటే పక్క దాని మీద కొత్త డీజిలు ఇంజను గుర్రుమంటూ ఉండేది. కరెంటు ఇంజన్లు చప్పుడు లేకుండా వచ్చి ఆగేవి. కూర్చునే సీట్లతో, చల్లటి గాలితో కొత్త పెట్టెలు దిగుతుంటే, పాత చెక్క బెంచీల పెట్టెలు ఇంకా పల్లెబళ్లకు తగిలించి ఉండేవి. నాకు కొత్తవంటే మోజు. కొత్త పెట్టె ఒకటి యార్డులోకొస్తే దాని నంబరు మొదట రాసేది నేనే కావాలని డ్యూటీ మార్పించుకున్న రోజులున్నాయి.

పాతవంటే ప్రాణమిచ్చే మనిషి ఇంకొకరు ఉండేవారు. రైల్వే మనిషి కాదు. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, మన తెలుగావిడే. వాళ్ల నాన్నగారు బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారట. డ్యూటీ లేని ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి, సాయంత్రం ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, చివరి బెంచీ మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆసుపత్రిలో పారేసే చార్టు కాగితాలు కుట్టుకున్న నోట్‌బుక్కులో వచ్చిన ప్రతి ఇంజను నంబరూ, బండి నిలబడి ఉంటే ప్రతి పెట్టె నంబరూ రాసుకునేది. మొదట్లో ఒక కానిస్టేబులు ఈవిడ గూఢచారేమోనని నా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆ విధంగా పరిచయం. నేను సిస్టర్‌గారూ అనేవాణ్ణి, ఆవిడ బ్రదర్ అనేది.

"మీ కొత్త ఇంజన్లకు ఊపిరే లేదు బ్రదర్. నిలబడితే బీరువా నిలబడినట్టుంటాయి."

"మీ బొగ్గింజను ఊపిరికి నా చొక్కా ఏమైందో చూడండి సిస్టర్‌గారూ."

నల్లబడిన నా అరచెయ్యి చూసి ఆవిడ సంచీలోంచి స్పిరిట్‌లో తడిపిన దూది తీసి ఇచ్చేది. ఎన్ని దూదులు నల్లబడ్డాయో లెక్కలేదు.

మా మధ్య ఒక ఆట కూడా నడిచేది. ఆవిడ నోట్‌బుక్కు మూసి, "మూడో పెట్టె?" అనేది. నేను చూడకుండా చెప్పేవాణ్ణి. "పదకొండోది?" అదీ చెప్పేవాణ్ణి. నాకు అంకెలు అలా గుర్తుండిపోయేవి. ఒకసారి చూసిన పెట్టెను నెల తర్వాత ఇంకో బండిలో చూసినా, పాత చుట్టంలా గుర్తుపట్టేవాణ్ణి. ఈ సంగతి ఆఫీసర్ల దాకా పోయింది. బయటి నుంచి ఎవరైనా పెద్దలొస్తే నన్ను పిలిపించి నంబర్లు చెప్పించి ముచ్చటపడేవారు. కళ్లు నెత్తికెక్కడానికి ఇంకేం కావాలి!

ఉస్తాద్‌జీ రిటైరైపోయాడు. నా చెయ్యి చూసేవాడు లేడు. ఎనభైల మొదటికి నేనే సీనియర్ని. ప్రతి ఆదివారం దక్షిణానికి, మన వైపు వెళ్లే బండి ఒకటి సాయంత్రం ఐదింటికి కదిలేది. దానివి అవే పదిహేడు పెట్టెలు, అదే వరస. ఒకరోజు వానలో తడవడమెందుకని కూర్చున్నచోటే రాసేశాను. తర్వాత చూసుకుంటే అన్నీ సరిపోయాయి. ఇంకోరోజు ఎండ. అప్పుడూ సరిపోయాయి. అలా రెండేళ్లు. టీ కొట్టు పందిరి కింద గ్లాసు పట్టుకుని, మిగతా బళ్లకు నడిచినా ఆ బండికి మాత్రం నడవకుండా రాశాను. ఒకసారి సిస్టర్‌గారు, "ఈమధ్య మీ చేతులు శుభ్రంగా ఉంటున్నాయే బ్రదర్" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నదే అంది.

ఇక ఆ రోజు. శ్రావణమాసం, ఆదివారం, ముందురోజు నుంచి తెరిపి లేని వాన. బండి ప్లాట్‌ఫారం మీదకొచ్చింది. నేను టీ తాగుతూ పదిహేడు నంబర్లూ రాసి, సంతకం చేసి కాపీలు పంపించేశాను. బండి కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. పెట్టెల నంబర్లు రాసుకోవడం ముగించి, గొడుగు మడుచుకుంటూ సిస్టర్‌గారు వచ్చింది.

"మూడో పెట్టె, బ్రదర్?"

"యాభై రెండు పద్దెనిమిది."

"తప్పు."

ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. "కళ్లజోడు మార్చుకోండి సిస్టర్‌గారూ, వానకు మసకబారింది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "వార్డులో అంకె తప్పు రాస్తే మనిషి పోతాడు బ్రదర్. నేను తప్పు రాయను. డెబ్భై మూడు నలభై ఆరు."

ఆ నంబరు నేనెరుగుదును. ఐదు రోజుల కిందట రాశాను, కానీ ఏ బండిలోనూ కాదు. రిపేరుకు పంపాల్సిన పెట్టెలను ఉంచే లైను ఒకటుంటుంది, సిక్ లైను అంటాం. అక్కడ రాశాను. యంత్రంతో పరీక్ష చేస్తే దాని ఇరుసు లోపల సన్నని పగులు కనబడిందనీ, వర్క్‌షాపుకు పంపాలనీ పక్కన పెట్టారు. పెట్టె మీద సుద్దతో పెద్ద గుర్తు వేసి, కార్డు తగిలించారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పొద్దున యాభై రెండు పద్దెనిమిదికి బ్రేకులు పాడైతే దాన్ని విడదీసి, పక్కనే సిక్ లైనులో ఉన్న ఈ పెట్టెను తెచ్చి తగిలించారు. వానకు సుద్ద గుర్తు కడుక్కుపోయింది, కార్డు ఊడిపోయింది. చూడ్డానికి అది నిక్షేపంలాంటి పెట్టె.

పరిగెత్తి వెళ్లి చూశాను. డెబ్భై మూడు నలభై ఆరే. కిటికీల్లో మనవాళ్లే. సెలవు మీద ఊరెళ్తున్న నర్సులు, ట్రంకుపెట్టెల మీద కూర్చున్న చదువుకునే కుర్రాళ్లు, పిల్లల తల్లులు, పులిహోర వాసన.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేనక్కడ ఒక నిమిషం ఊరికే నిలబడ్డాను. ఐదు రోజుల్లో రిపేరు చేసేశారేమో అనుకున్నాను. అన్ని దూరాలు తిరిగిన ఇరుసు ఇంకొక్కసారి తిరగదా అనుకున్నాను. నోరు విప్పితే నా దొంగ లిస్టు బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, ఇద్దరు పిల్లలు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ నిమిషం సంగతి మా ఆవిడకు కూడా ఇది చదివితేనే తెలుస్తుంది.

కిటికీలోంచి ఒక ముసలాయన, "ఏం బాబూ, టైముకు బయల్దేరుతుందా?" అని తెలుగులో అడిగాడు. నేను తెలుగువాణ్ణని ఎలా కనిపెట్టాడో! ఆ మాట వినగానే గార్డు పెట్టె వైపు పరిగెత్తాను.

ఆ బండికి మా సూపరింటెండెంటు స్వయంగా వచ్చి గార్డు పక్కన నిలబడేవాడు. లక్నో మనిషి. ఎవర్నైనా మర్యాదగా ఆప్ అనే పిలిచేవాడు, కోపమొచ్చినా గొంతు లేవదు. నేను రొప్పుకుంటూ వెళ్లి, బండి ఆపమని, మూడో పెట్టె సిక్ లైనుదని చెప్పాను.

ఆయన చేతిలోని లిస్టు చూశాడు. "ఇందులో ఆ పెట్టె లేదే. కింద సంతకం మీదే. ఏది నమ్మమంటారు, మీ నోటినా, మీ సంతకాన్నా?"

చెయ్యి చాచి అరచెయ్యి చూపించాను. అన్నం తినబోయేవాడి చెయ్యిలా శుభ్రంగా ఉంది.

ఆ స్టేషనులో పాతవాళ్లందరికీ ఆ చేతి సంగతి తెలుసు. ఆయన కూడా కుర్రతనంలో ఉస్తాద్‌జీకి చెయ్యి చూపించినవాడే. నా చేతి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు. గార్డుతో, "గాడీ రోకియే" అన్నాడు. గార్డు ఎర్రజెండా చాపాడు.

పెట్టెలను పరీక్ష చేసే మెకానిక్కు టార్చి పట్టుకుని కిందికి దూరి, బురద ఓడుకుంటూ బయటికొచ్చాడు. "ఏమీ లేదు సార్, అంతా బాగానే ఉంది" అన్నాడు. కంటికి కనబడే పగులైతే అసలీ కథే లేదు. యార్డుకు ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు. కంట్రోలు ఆఫీసు నుంచి మాత్రం బండెందుకు ఆగిందని ఫోను మీద ఫోను. ఐదు దాటింది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. ఇంజను డ్రైవరు కూత మీద కూత వేస్తున్నాడు.

సూపరింటెండెంటు నన్ను పక్కకు పిలిచాడు. "ఆప్ పక్కా హైఁ? ఖాయమేనా? రెండేళ్లుగా కూర్చుని రాస్తున్న మనిషి జ్ఞాపకాన్ని నమ్మి నేను ఈ బండిని ఆపుతున్నాను."

రెండేళ్లని ఆయనకెలా తెలుసు! తర్వాత ఆలోచిస్తే తెలిసింది, అందరికీ తెలుసని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగింది నేనొక్కణ్ణే.

"బండివి కూర్చుని రాశాను సార్. సిక్ లైనుది నడిచి రాశాను. ఆ పెట్టెను చేత్తో తాకి రాశాను. ఇది అదే."

ఆయన పెట్టె తీసేయమన్నాడు. పెట్టెను విడదీసే పని సగంలో ఉండగా యార్డు నుంచి మనిషి సిక్ లైను రిజిస్టరు చంకలో పెట్టుకుని వానలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. డెబ్భై మూడు నలభై ఆరు, ఇరుసులో పగులు, నడపరాదు. కింద ఉన్నది కూడా నా సంతకమే. ఆ సంతకాన్ని చూసి నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు, ఏడ్చాను.

పాసింజర్లను దించి వేరే పెట్టెలోకి మార్చడానికి గంట పైన పట్టింది. వాన, ట్రంకుపెట్టెలు, ఏడ్చే పిల్లలు. నేను చేసిన రెండో తప్పు ఏమిటంటే, సాయం చేయబోయి తెలుగులో మాట్లాడటం. అంతవరకు తిట్టడానికి హిందీ చాలక ఉక్కిరిబిక్కిరవుతున్నవాళ్లందరికీ నేను దొరికాను.

"కదిలే ముందు గుర్తొచ్చిందా నాయనా మీకు? పొద్దుట్నుంచీ గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నారా?" అని ఆ ముసలాయన.

"నాగపూర్లో మేం మారాల్సిన బండి తప్పిపోతే మీ ఇంటికి తీసుకెళ్తారా మమ్మల్నందర్నీ?" అని పసిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ. ఆ పసిపిల్లను నా చేతుల్లో పెట్టి, తను సామాను మోసుకుంటూ కూడా తిడుతూనే ఉంది.

కుక్కిన పేనులా పడి అందరి పెట్టెలూ మోశాను. సిస్టర్‌గారు తన గొడుగు ఇంకో బాలింతకు పట్టి తనూ తడిసింది. బండి కదిలిపోతుంటే ఆ ముసలాయన కిటికీలోంచి ఇంకో తిట్టు విసిరాడు. అంత హాయిగా ఉన్న తిట్టు నా జన్మలో తినలేదు. ఆ పెట్టెలో ఎక్కినవాళ్లంతా నన్ను తిట్టుకుంటూనే, కాళ్లూ చేతులతో ఇళ్లకు చేరారు.

ఆ ఇరుసును వర్క్‌షాపులో విప్పి చూస్తే పగులు అనుకున్నదానికంటే చాలా లోతుకు పోయి ఉందట. ఆ రాత్రే విరిగేదని ఎవరూ చెప్పలేదు. విరగదని కూడా ఎవరూ చెప్పలేదు.

రెండు వారాల తర్వాత సూపరింటెండెంటు పిలిచి శిక్ష ఉత్తర్వు చేతిలో పెట్టాడు. నడవకుండా లిస్టు రాసినందుకు ఏడాది ఇంక్రిమెంటు నిలిపివేత. ఉద్యోగం పోలేదు. నేను కాగితం మడుస్తుంటే ఆయన ఆగమన్నాడు.

"మిమ్మల్ని మెచ్చుకుంటూ కూడా పైకి ఒక ఉత్తరం రాయొచ్చు. రాయమని పైవాళ్లే అన్నారు. కానీ రెండూ చేతికిస్తే మీరు రెండోదాన్నే గోడకు తగిలిస్తారు. అందుకని రాయడం లేదు."

నేను ఇంటికి పోతూ దారిలో ఫ్రేముల కొట్టు దగ్గర దిగాను. మా ఆవిడ ముఖం చూడాలి ఆ రోజు! "శిక్ష వేస్తే దాచుకుంటారు గానీ దండ వేస్తారా ఎవరైనా?" అంది. దండ వేయలేదు, మేకు కొట్టానంతే. ఎన్ని క్వార్టర్లు మారినా దానికి మాత్రం ముందు గదే.

ఆ తర్వాత రెండు నెలలు సిస్టర్‌గారు రాలేదు. టీ కొట్టతను ఆవిడకు శిక్ష సంగతి చెప్పాడట. తను "తప్పు" అనబట్టి నాకు ఇలా అయిందని ఆవిడ బాధ. చివరి బెంచీ ఖాళీగా ఉండేది. ఆదివారం ఆ బెంచీ వైపు చూడాలంటేనే దిగులుగా ఉండేది. ఇంజన్లు వస్తున్నాయి, పోతున్నాయి, వాటిని చూసి సంతోషించే మనిషి లేదు.

దసరా దాటాక ఒక ఆదివారం ఆవిడ వచ్చింది. ఒక ముసలి బొగ్గింజను ఆ సాయంత్రం మన వైపు వెళ్లే బండిని యార్డు నుంచి నెట్టుకొచ్చి ప్లాట్‌ఫారం మీద పెట్టి, ఊపిరి తీసుకుంటూ నిలబడింది. సిస్టర్‌గారు దాని నంబరు రాసుకుని, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"మూడో పెట్టె, బ్రదర్?" అని మెల్లగా అడిగింది.

నాకు తెలుసు. బాగై తిరిగొచ్చిన యాభై రెండు పద్దెనిమిది. బండి లోపలికి వస్తున్నప్పుడే చూశాను. నాలుక చివర ఉంది.

"చూసి చెప్తానండీ" అన్నాను.

పెన్సిలూ, కాగితాల అట్టా పట్టుకుని ఇంజను దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా నడిచాను. పదిహేడు పెట్టెలూ తాకాను, రాశాను. తిరిగి చివరి బెంచీ దగ్గరకొచ్చి నంబరు చెప్పాను. సరిచూసుకోవడానికి ఆవిడ నోట్‌బుక్కు తెరవలేదు. నా అరచెయ్యి చూసి, సంచీలోంచి దూది తీసింది.